నా నెత్తి మాట ఎవరూ వినలేదు

మొన్న మా మునిమనవరాలు బడి నుంచి పేలు తెచ్చుకుంది. శంషాబాద్‌లో మేముండేది ఐదో అంతస్తు. విమానం దిగినప్పుడల్లా వంటింట్లో గ్లాసులు చిన్నగా మోగుతాయి. ఇంత ఎత్తుకు పేలు ఎక్కి వస్తాయని మా మనవరాలు అనుకోలేదు. గంటలో మందు తెప్పించింది, పాప తలకు పట్టించింది, కడిగింది, సన్నపళ్ల దువ్వెనతో దువ్వి చచ్చినవాటిని పేపరు మీద రాల్చి చూపించింది. అంతా సవ్యంగానే జరిగింది. రెండోనాడు పాప మళ్లీ గోక్కోవడం మొదలుపెట్టింది. "ఇంకా ఉన్నాయి నానమ్మా, మందు సరిపోలేదు" అంటూ మనవరాలు మళ్లీ సీసా మూత తీసింది. నాకెందుకో చెయ్యి అడ్డం పెట్టబుద్ధయింది. సీసాతో వచ్చిన కాగితం ఇమ్మన్నాను. పత్రికాఫీసులో ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దినదాన్ని, చిన్న అక్షరాలంటే ఇప్పటికీ మోజు. భూతద్దం పెట్టి చదివితే చివరి మడతలో ఒక మాట కనిపించింది. పేలు చచ్చాక కూడా కొన్నాళ్లు తల దురద పెట్టవచ్చునట, దురద ఉంది కదా అని మందు మళ్లీ పట్టించవద్దట. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న మాట! ఇది నాకు తొమ్మిదేళ్ల వయసులో, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మా ఊరు సాతంరాయిలో కావలసి వచ్చింది. అప్పుడు చెప్పే దిక్కు లేక ఇప్పుడు ఈ కాగితం చెబుతోంది.

ఆ కాలం గురించి రాయమని నన్ను అడిగేవాళ్లు నిజాం గురించి అడుగుతారు, యుద్ధం గురించి అడుగుతారు, ఊళ్లలో గడీల గురించి, వెట్టి గురించి అడుగుతారు. అవన్నీ రాశాను, పక్కవాళ్ల చేత కూడా రాయించాను. నా నెత్తి గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. కనుక ఈసారి ఎవరూ అడక్కుండానే రాస్తున్నాను. నలభైల నడుమ ఒక బతుకమ్మ పండుగ ముందర నా నెత్తికి జరిగిన అన్యాయం ఇది. చదివి ఇంత చిన్న సంగతికి ఇంత కోపమా అనుకునేవాళ్లు ఒకసారి తల నిండా సీతాఫలం గింజల ముద్ద పెట్టుకుని, గోక్కోకుండా ఒక పూట కూర్చుని, ఆ తర్వాత మాట్లాడండి.

మా ఇంటి పెత్తనం నాయనమ్మది. ఎద్దులు, వడ్లు బాపు చూసుకునేవాడు. మనుషులనూ మనుషుల ఒంటిలో వచ్చే నలతలనూ నాయనమ్మ చూసుకునేది. దగ్గుకు మిరియాలు, కడుపునొప్పికి వాము, బెణుకుకు చింతాకు, అన్నింటికీ ఆమె దగ్గర మందుండేది. ఒకసారికి తగ్గకపోతే మోతాదు పెంచేది, అంతేగాని మందు మార్చేది కాదు. ఆమె ఇచ్చిన మందు తప్పయిందని ఒప్పుకోగా ఎవరూ చూడలేదు. రోగికి తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే రోగిది మొండి ఒళ్లు. నిజం చెప్పాలంటే ఊళ్లో సగంమంది ఆమె చేతి మందుతోనే బతికి బట్టకట్టారు. అది నేను కాదనను. కాని మిగతా సగంలో నేనొకదాన్ని.

అమ్మకు నా జుట్టంటే ప్రాణం. ఇంట్లో ఆమెది అని చెప్పుకునేది ఏదీ పెద్దగా లేదు. పొద్దున లేచి పేడకళ్లు ఎత్తడం నుంచి రాత్రి గిన్నెలు తోమడం దాకా అంతా అత్తగారి మాట ప్రకారమే. నా జుట్టు ఒక్కటే ఆమె ఇష్టప్రకారం పెరిగింది. నడుము దాటి జారేది. రోజూ సందెవేళ గడప మీద నన్ను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ఎవరూ పనికి పిలవని ఆ కాసేపు నూనె రాసి, జడ అల్లి, చివర నల్లదారం ముడివేసేది. అల్లడం అయిపోయాక కూడా జడను కాసేపు చేతిలోనే పట్టుకుని ఉండేది. అది ఎందుకో నాకప్పుడు తెలియదు.

ఆ ఏడు పండుగకు చాలా ముందే మా మేనత్త పట్నం నుంచి పుట్టింటికి వచ్చింది. స్టేషన్‌కు బాపు సవారి బండి కట్టుకుపోయి తీసుకొచ్చాడు. ఆమె భర్తది సర్కారు కచేరీలో ఉద్యోగం, ఇంట్లో నల్లా నీళ్లు, గోడకు గడియారం. ఆమె కూతురు నాకంటే ఏడాది పెద్ద, కనుక నాకు వదిన. పదేళ్ల పిల్లను వదినా అని పిలవడానికి మా ఊళ్లో ఎవరికీ నవ్వు రాదు. ఆమెకు రెండు జడలు, రెండు తెల్ల రిబ్బన్లు, మొహానికి పౌడరు. మా వాకిట్లో దిగగానే చీర కుచ్చిళ్లలాగా గౌను అంచు ఎత్తిపట్టుకుని నడిచింది. ఆ రాత్రి నుంచి మేమిద్దరం ఒకే గొంగట్లో పడుకున్నాం, ఒకే మెత్త మీద తలలు ఆనించి. నాలుగు రోజులు తిరిగేసరికి నా తల కుమ్మరి పురుగు తొలిచినట్టు తొలవడం మొదలుపెట్టింది.

ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడానికి పత్రికా విలేకరి కానక్కర్లేదు. తెల్ల రిబ్బను మీద నల్లగా ఒకటి తాపీగా నడిచిపోతుంటే నేను కళ్లారా చూశాను. అమ్మ కూడా చూసింది. ఆనాడు వదినకు జడ వేస్తున్నది అమ్మే. "అమ్మా, గదో..." అని నేను వేలు చూపించబోయాను. అమ్మ నా వేలు పట్టుకుని కిందికి వంచి, గొంతు తగ్గించి, "ఊకో బిడ్డా. మీ అత్త చెవుల పడ్తది" అంది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ కూతురి తలలో పేలున్నాయని కోడలి నోట రావడమంటే ఆ రోజుల్లో ఇల్లు తగలబెట్టడమే. అమ్మ ఆ పేనును రెండు గోళ్ల మధ్య చప్పుడు కాకుండా చంపి, జడ అల్లడం పూర్తిచేసింది.

కాని నా గోకుడు ఎవరి నోరూ నొక్కితే ఆగేది కాదు. రెండోనాడే నాయనమ్మ నన్ను వెలుతురుకు ఈడ్చి, పాయలు తీసి చూసి, "ఓయమ్మో! గీ పోరి నెత్తి పేండ్ల పుట్టయింది. యాడికెల్లి తెచ్చినవే?" అని కేకేసింది. నేను వదిన వైపు చూశాను. వదిన పౌడరు డబ్బా మూత వైపు చూసింది. మేనత్త రెండడుగులు వెనక్కి జరిగి, "జర దూరం పండవెట్టు అమ్మా దాన్ని. మా పిల్లకు అంటుకుంటయి" అంది. మా పిల్లకు అంటుకుంటాయట! ఆ మాట తలచుకుంటే నా చేతిలో కలం ఇప్పుడు కూడా గట్టిగా పడుతోంది. ఆనాటి నుంచి నా పక్క వాకిలి అరుగు మీదికి మారింది. పేలు ఇచ్చినామె గొంగట్లో, పుచ్చుకున్న నేను అరుగు మీద.

మామూలు రోజుల్లో అయితే పేలకు గాసునూనె రాసేవాళ్లు. యుద్ధం వల్ల గాసునూనె కంట్రోలులో ఉంది, దీపానికే చాలేది కాదు. కనుక నాయనమ్మ తన పాత మందు తీసింది. సీతాఫలాల కాలం. కొత్వాల్‌గూడ గుట్టల మీది నుంచి ఆడవాళ్లు గంపల కొద్దీ పండ్లు తెచ్చి వీధుల్లో అమ్మేవారు. మా ఇంట్లో పండు తిన్నవాళ్లు గింజలు ఉమ్మేయకూడదు, అరుగు మీది చేటలో వేయాలి. అవి ఎండాక రోట్లో పొడిగా నూరి, ఆముదంలో కలిపి, చీకటిపడే ముందు తలకు మందంగా మెత్తి, గుడ్డతో బిగించి కట్టేవాళ్లు. నూరేటప్పుడు నాయనమ్మ కొంగు కళ్లకు అడ్డం కట్టుకునేది. ఆ పొడి కంట్లో పడితే కన్ను పోతుందని ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. కన్నును పోగొట్టేది కన్నుకు జానెడు పైన ఏంచేస్తుందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఆ మందు పేలను చంపలేదని నేను అనను. చంపింది. మర్నాడు గుడ్డ విప్పితే అన్నీ చచ్చి పడి ఉన్నాయి. అక్కడితో ఆగిపోతే నేను నాయనమ్మకు జీవితాంతం దండం పెట్టేదాన్ని. అసలు కథ తలంటుతో మొదలైంది. ఆముదం ముద్ద మామూలు నీళ్లకు వదలదు, చిక్కటి కుంకుడు రసం పడాలి. అమ్మ తెల్లవారుజామునే కుంకుడుకాయలు నానేసి, పిసికి, గిన్నెడు రసం తీసింది. కాని స్నానాలకు మా ఇంట్లో ఒక వరస ఉంది. ముందు ఇంటికి వచ్చిన ఆడబిడ్డ, తర్వాత ఆమె పిల్ల, ఆ తర్వాత నాయనమ్మ, ఆ తర్వాత ఇంటివాళ్లు. పేలున్నది నాకు కాబట్టి నా వంతు అందరికంటే చివర, ఎవరికీ అంటకుండా. మేనత్త జుట్టు ఒత్తయినది, వదినవి రెండు జడలు. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగున పిప్పి, దాని మీద రెండు వేళ్ల మందాన నురగ. మందు పట్టిన తలకు రసం లేదు. మందు పట్టని తలలకు రసం సరిపోయింది. అమ్మ ఆ పిప్పినే మళ్లీ పిండి, ఆ నురగతోనే తడిపి, నాలుగు చెంబులు గుమ్మరించింది. ముద్ద సగం పోయింది, సగం కుదుళ్లలో బంకలాగా మిగిలింది. ఇంకా నీళ్లు పోయబోతే నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది. "చాలు. మందు వెట్టిన నెత్తికి మల్ల ఆదివారం దాకా నీళ్లు సోకొద్దు. మందు చెడుతది."

రెండు రోజులకు మొదలైంది. అది పేల దురద కాదు. పేను పాకితే ఒకచోట నుంచి ఒకచోటికి పోతుంది, దాని దారి మనకు తెలుస్తుంది. ఇది ఎక్కడికీ పోదు. తల మొత్తం ఒక్కటిగా మండేది, చెవుల వెనక, మెడ గుంటలో ఎండిన ముద్ద చిట్లి సూదుల్లాగా గుచ్చేది. గోకితే గోళ్ల కిందికి నల్లటి పొడి వచ్చేది. గోకకపోతే కళ్లలో నీళ్లు వచ్చేవి.

నాయనమ్మ నన్ను మళ్లీ వాకిట్లో కూర్చోబెట్టింది. బాపు తెల్లధోవతి కింద పరిచి, అమ్మ చేత పేన్ల దువ్వెనతో తల మొత్తం దువ్వించింది. ధోవతి మీద నల్లపొడి రాలింది గాని ఒక్క పేను రాలలేదు, ఒక్క ఈపి రాలలేదు.

"ఏం లేవత్తా" అంది అమ్మ.

"రాలకపోతే లేనట్టా? లోపట దాసుకున్నయి. లేకుంటె నెత్తి ఊకె ఎందుకు గోకుతది?"

"నాయనమ్మా, పేను పారితె ఎట్లుంటదో నాకు ఎర్కలేదా?" అన్నాను నేను. "గిది పారుడు గాదు. మంట."

"మంటనా?" నాయనమ్మ మొహం విప్పారింది. "మంట లేస్తే మందు పని జేస్తున్నట్టే. ఇంకొక్కసారి వెడితె సాఫ్ అయితది."

ఇదీ తీర్పు. దురద ఉంటే పేలున్నట్టు, కనుక మందు పెట్టాలి. మంట ఉంటే మందు పనిచేస్తున్నట్టు, కనుక మళ్లీ పెట్టాలి. పేలు కనిపిస్తే ఉన్నాయి, కనిపించకపోతే దాక్కున్నాయి. తర్వాత ఉద్యోగంలో ఎంతమంది అధికారుల ప్రకటనలు దిద్దానో లెక్క లేదు. వాటిలో ఒక్కటి కూడా ఇంత పకడ్బందీగా లేదు. ఎవరి మీద నేరం మోపుతున్నారో వాళ్ల మాట కూడా విని రాయాలని నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. నాకది నేర్పనవసరం లేదు. నా తల నేర్పింది.

ఇదిలా ఉండగా వదిన కూడా గోక్కుంటూనే ఉంది. నాలాగా పది వేళ్లతో మోటుగా కాదు. చిటికెనవేలు ఒక్కటి రిబ్బను కిందికి పోనిచ్చి, మొహం మరోవైపు తిప్పి, చాలా మర్యాదగా. ఒకరోజు నాకు ఆగలేదు. "మరి వదిన గోకుతలేదా?" అని అడిగేశాను.

మేనత్త నవ్వింది. "ఏయ్, దానికి నీళ్లు పడ్తలెవ్వే. పట్నంల నల్లా నీళ్లు, గీడ బాయి నీళ్లు. నీళ్లు మారితె గంతే."

నా గోకుడు పేలు. వదిన గోకుడు నీళ్ల మార్పు. నాయనమ్మ కూడా అవునన్నట్టు తలూపి, వదిన తలకు మంచి కొబ్బరినూనె రాయమని అమ్మకు పురమాయించింది. నాకు మళ్లీ గింజల ముద్ద. మళ్లీ ఆదివారం, మళ్లీ అదే వరస, మళ్లీ గిన్నె అడుగున పిప్పి. పాత ముద్ద మీద కొత్త ముద్ద పేరుకుంది. రాత్రి నిద్ర లేదు, పగలు చెయ్యి తల మీది నుంచి దిగదు. వీధిలో ఆడపిల్లలు నన్ను దూరం నుంచే పలకరించేవాళ్లు. అప్పటికి బతుకమ్మ ఆటలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం వాకిళ్లలో చప్పట్లు వినిపిస్తుంటే నేను అరుగు మీద నుంచి చూసేదాన్ని.

సద్దుల బతుకమ్మకు ముందురోజు నాయనమ్మ ఇక లాభం లేదని తేల్చింది. గుండు చేయిస్తానంది. మా వీధిలో ఒక పిల్లకు పేలు పట్టి గుండు గీయించిన సంగతి ఊరంతా తెలుసు. జుట్టు వచ్చేదాకా ఆమెను ఏ పిల్లా ఆటకు రానివ్వలేదు. నేను ఏడ్చాను. బాపు దగ్గరికి పరుగెత్తాను. బాపు ఎద్దు మెడ నిమురుతూ, "ఆడోళ్ల ముచ్చట నాకేం ఎర్క బిడ్డా, నాయనమ్మనడుగు" అన్నాడు. వెనక్కి తిరిగితే అమ్మ నిలబడి ఉంది. అత్తగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రేపటి పొద్దు సూడున్రి అత్తా. పేండ్లు లేవు. అది గోక్కోకుంటె ఉంటది" అంది.

నాయనమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "సరె. రేపు బతుకమ్మ లేసినకాడికెల్లి నీళ్లల్ల ఒదిలేదాక నీ చెయ్యి నెత్తిమీదికి పోవద్దు. ఒక్కసారి గోకినా, తెల్లారి మంగలి తాత వస్తడు. ఇప్పుడే కబురు వెడ్తున్న."

గోక్కోకపోతే పేలు లేనట్టు! అదీ ఒక పరీక్షే. ఒప్పుకోక నేనేం చెయ్యను?

సద్దుల పొద్దున ఇంట్లో అందరూ తలంటుకున్నారు. నాకు మాత్రం మెడ దాకానే స్నానం. పండుగపూట తల మీద నీళ్లు పడని మనిషి ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే. ఆ తర్వాత తంగేడు పూలు, గునుగు, కట్లపూలు, బంతిపూలు వాకిట్లో గుట్టలు పోశారు. తాంబాళంలో వరసలుగా పేర్చడం మొదలుపెట్టారు. పేర్చేటప్పుడు ఫరవాలేదు, చేతులకు పనుంది. సాయంత్రం వీధి కూడలిలో వలయం కట్టి ఆడేటప్పుడూ ఫరవాలేదు, చప్పట్లకు రెండు చేతులూ కావాలి. పాటకూ పాటకూ మధ్య చేతులు ఖాళీ అయినప్పుడే నరకం. తలలో ఏదో మరుగుతున్నట్టు ఉండేది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుని నిలబడేదాన్ని. వలయానికి అవతల నాయనమ్మ నోరు పాడుతూనే ఉండేది, కళ్లు మాత్రం నా చేతుల మీదే. నా పక్కన వదిన చిటికెనవేలు ఎన్నిసార్లు రిబ్బను కిందికి పోయి వచ్చిందో ఆమె కళ్లకు ఆనలేదు.

కుంటకు బయల్దేరేటప్పుడు నాకొక ఉపాయం తట్టింది. చిన్న బతుకమ్మను నేనే ఎత్తుకుంటానన్నాను. అమ్మ నా తల మీద చుట్టబట్ట పెట్టి, దాని మీద తాంబాళం ఎత్తింది. అబ్బ! ఆ బరువు ఆనగానే ప్రాణం లేచి వచ్చింది. తాంబాళాన్ని రెండు చేతులా పట్టుకుని నడుస్తూ, నడకలో ఊగినట్టుగా అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పితే కింద చుట్టబట్ట తలను రుద్దుతుంది. దారి పొడుగునా అలా రుద్దుకుంటూ నడిచాను. లోకంలో అంతకంటే గొప్ప సుఖం ఉందని నేను ఇప్పటికీ నమ్మను.

"గౌరమ్మ ఏందే గట్ల ఊగుతుంది?" వెనక నుంచి నాయనమ్మ గొంతు.

"బాట బాలేదు నాయనమ్మా."

"నేను గుడ నడుస్తున్న గదనే గదే బాటల. సక్కగ పట్టుకో."

అంతటితో ఆ సుఖం కూడా పోయింది. కుంట గట్టు చేరేసరికి చుట్టబట్ట కింద తల ఉడికి, ఆముదం కరిగి, చెవుల వెనక నుంచి కారడం మొదలుపెట్టింది. ఆడవాళ్లంతా చీరలు పైకి దోపి మోకాళ్ల లోతుకు దిగి బతుకమ్మలను వదిలారు. నేనూ దిగి వదిలాను. పూలు నీళ్ల మీద మెల్లగా దూరం పోయాయి. అంతే, పరీక్ష అయిపోయింది. నేను గెలిచాను. ఒక్కసారి కూడా గోక్కోలేదు. నాయనమ్మ వైపు తిరిగాను.

ఆమె నా మెడ మీద కారుతున్న నల్లటి చారలు చూసి, "ఏందిది, మందంత కారిపోతుంది. రేప్పొద్దుగాల ఇంకొంచెం వెట్టాలె" అంది.

నాలో ఏదో తెగిపోయింది. ఇంకో రెండడుగులు లోపలికి వేసి, నడుం లోతుకు పోయి, తల ముంచేశాను. నీళ్ల కింద ఒక్కసారిగా అన్ని గొంతులూ ఆగిపోయాయి. చల్లదనం కుదుళ్ల దాకా పోయింది. పైకి లేచేసరికి గట్టు మీద గోల. "పండుగనాడు నెత్తి ముంచింది పోరి!" అని ఒకరు, "ఆముదం సలువ గొడ్తది, జరమొస్తది" అని ఒకరు. నేను వినలేదు. వంగి కుంట అడుగున చేతికందిన నల్లమట్టి తీసి తలకు పట్టించి రెండు చేతులా తోమడం మొదలుపెట్టాను. పది వేళ్లతో, అందరి ఎదుట.

"సూడు, సూడు! గోకుతుంది!" నాయనమ్మ అరిచింది. "రేపు గుండే! నా మాట తప్పదు!"

అప్పుడు నా వెనక నీళ్లు కదిలాయి. అమ్మ. పండుగ చీర నడుం దాకా తడిసిపోయింది, దాన్ని పైకి దోపుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నా చేతులు తీసి పక్కన పెట్టి, తనే మట్టి తీసుకుని, కుదురు కుదురునా వేళ్లు పోనిచ్చి తోమింది. చెవుల వెనక, మెడ గుంటలో, పాయ పాయ విడదీసి. ముంచింది, మళ్లీ తోమింది, మళ్లీ ముంచింది. అమ్మ తల తిప్పకుండానే మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు, కాని ఆ నీళ్ల మీద అందరికీ వినిపించింది.

"కుంకుడు రసం మొదలు మీ బిడ్డ నెత్తికి పాయె, ఆమె బిడ్డ నెత్తికి పాయె. నా బిడ్డకు కడాఖరుకు పిప్పి మిగిలె. మందు వెట్టుడు మీ చెయ్యి. కడుగుడన్న నా చేతికి ఇయ్యున్రి."

నాయనమ్మ వంగి ఖాళీ తాంబాళం చేతిలోకి తీసుకుంది. మేనత్త వదిన రిబ్బను సరిచేయడంలో మునిగిపోయింది. అమ్మ నా జుట్టును పిండి, తన కొంగుతో చుట్టి, నా చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. కొంగు నుంచి కుంట మట్టి వాసన వస్తోంది. తలలో ఏమీ లేదు. దురద లేదు, మంట లేదు, తల ఉన్న సంగతే తెలియడం లేదు.

తెల్లవారి మంగలి తాత పొది చంకన పెట్టుకుని వచ్చాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నాయనమ్మ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది, వక్కాకు నములుతూ చాలాసేపు చూసింది. నా చెయ్యి తల మీదికి పోలేదు, పోవాల్సిన అవసరమే రాలేదు. తాతకు విసుగొచ్చి, "ఏమంటవక్కా, గీకాల్నా, పోవాల్నా?" అన్నాడు. నాయనమ్మ బాపును పిలిచి, "నీ గడ్డం గీయించుకో, వచ్చినోడు ఊకె ఎందుకు పోవాలె" అంది. నా జుట్టు అలా దక్కింది. ఆ రోజు సందెవేళ గడప మీద అమ్మ జడ అల్లి, అల్లడం అయిపోయాక కూడా పట్టుకుని కూర్చుంది. ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడితో ఆగితే నా కోపం కూడా ఆగేదేమో. నాయనమ్మ ఆ సాయంత్రమే ఇరుగుపొరుగును పిలిచి నా తల చూపించింది. "సూశిన్రా? సీతాఫలం గింజలకు మించిన మందు లేదు. రెండుమార్లు వెడితె నెత్తి అద్దమయింది." వాళ్లందరూ ఆశ్చర్యపోయారు. కుంట సంగతి, మట్టి సంగతి, అమ్మ సంగతి ఎవరి నోటా రాలేదు. పట్నానికి తిరిగి వెళ్లే రోజున మేనత్త బండెక్కబోతూ నాయనమ్మ చెవిలో, "గా గింజల పొడి జర కట్టియ్యే అమ్మా. మా పక్కింటి పిల్లకు గావాలె" అంది. నాయనమ్మ పెద్ద పొట్లం కట్టిచ్చింది. బండి కదులుతుంటే వదిన నా వైపు చూసి, చిటికెనవేలు రిబ్బను కిందికి పోనిచ్చి, మెల్లగా గోక్కుంది. అమ్మ నన్ను చూసింది. నేను అమ్మను చూశాను. ఇద్దరం లోపలికి పోయి, ధాన్యం కొట్టులో గోనెసంచుల మీద పడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. అమ్మ అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. ఆమె సీసా మూత బిగించి అలమరలో పైన పెట్టింది. "మరి ఏం చెయ్యమంటారు నానమ్మా?" అని అడిగింది. "ముందు దాన్ని అడుగు" అన్నాను. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎట్లా ఉంది, పాకుతున్నట్టుందా, మండుతున్నట్టుందా అని నేనే అడిగాను. పాప కళ్లు మూసుకుని బాగా ఆలోచించి, "చుర్రుమంటోంది తాతమ్మా, పాకట్లేదు" అంది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి చూస్తే ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లతో తల బాగా కడిగించాం. కిటికీ పక్కన తల ఆరబెట్టుకుంటూ పాప, "నీకు అప్పుడు కోపం వచ్చిందా?" అని అడిగింది. కిటికీలోంచి కిందికి చూశాను. మా కుంట ఏ దిక్కున ఉండేదో ఇప్పుడు వేలు పెట్టి చూపించలేను. అన్ని వైపులా రోడ్లు, వాటి మీద విమానాలకు పరుగెత్తే కార్లు. నాయనమ్మ లేదు, మేనత్త లేదు, అమ్మ పోయి కూడా చాలా కాలమైంది. నడుము దాటిన ఆ జుట్టు పలచబడి, ఇప్పుడు చిన్న ముడికి కూడా చాలడం లేదు. ఉన్న నాలుగు వెంట్రుకలనూ కాలం పూర్తిగా తెల్లగా చేసింది. ఆ కోపం దాకా మాత్రం దాని చెయ్యి ఇంకా రాలేదు, అది ఆనాటి జడంత నల్లగానే ఉంది.